అప్పయమ్మ మంచానికి ఏ కంప్యూటర్ భాష?

మా వెబ్‌సైటు మూడేళ్లుగా ఒక్కసారి కూడా చెడిపోలేదు!

హ్యాంగ్ కాలేదు. వైరస్ పట్టలేదు. ఎవరి పాస్‌వర్డూ పోలేదు. దేశంలో ఏ కంపెనీకి ఉంది ఇంతటి రికార్డు? మీరే చెప్పండి!

కారణం చాలా చిన్నది. దాన్ని మేమింకా కట్టలేదు.

ఎందుకు కట్టలేదంటే, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం ఏ కంప్యూటర్ భాషలో రాయాలో తేలలేదు. దీన్ని గిట్టనివాళ్లు ఆలస్యం అంటారు. నేను వరం అంటాను. తొందరపడి నవ్వకండి. సాక్ష్యాలతో సహా నిరూపిస్తాను.

బిలాస్‌పూర్‌లో మా తెలుగువాళ్లకి ఒక సంఘం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు సగం. బొగ్గు, కరెంటు, బ్యాంకు ఉద్యోగాల మీద నిన్నగాక మొన్న దిగినవాళ్లు సగం. ఈ రెండు సగాలూ పోట్లాడకుండా కలిసి చేసే పని ఒక్కటే. వేలంపాట!

ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ వచ్చినా, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినా, వెంట తీసుకెళ్లలేని సామాన్లన్నీ సంఘం హాల్లో పరుస్తారు. కూలర్లు, బీరువాలు, కుర్చీలు, ఉయ్యాల బల్లలు. ఆదివారం పొద్దున్న పాట. వచ్చిన డబ్బు వెళ్లేవాళ్లకి, సామాను ఉండేవాళ్లకి. ఎంత చక్కటి ఏర్పాటు!

ఇందులో ఒకే ఒక సంప్రదాయం ఉంది. మొదటి పాట సీనియర్‌ది. రెండో పాట ఉండదు.

ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు. మా అధ్యక్షులు నాగభూషణం గారు రైల్వే ఆఫీసులో పెద్ద గుమస్తా. ఎవరి లీవు కాగితం పైకి వెళ్లాలో, ఎవరి క్వార్టర్ కప్పు వానలకి ముందే బాగుపడాలో, ఎవరిది వానలయ్యాక బాగుపడాలో ఆయన బల్ల మీదే తేలుతుంది. అటువంటి మనిషి ఒక బీరువా వైపు చూసి ఒక అంకె పలికారనుకోండి. హాల్లో ఉన్న యాభైమందికీ ఒకేసారి గొంతు పట్టేస్తుంది! మండు వేసవిలో జలుబు చేస్తుంది. కొందరికి పైకప్పు మీద ఏదో ఆసక్తికరంగా కనిపిస్తుంది. పాట ముగుస్తుంది. బీరువా అధ్యక్షుల వారింటికి బయలుదేరుతుంది.

దీన్ని మేము క్రమశిక్షణ అంటాం. మీ ఊళ్లో ఏమంటారో నాకనవసరం.

ఇటువంటి ప్రశాంతమైన సంఘంలోకి మూడేళ్ల కిందట ఒక బాంబు పడింది. బాంబు పేరు జ్యోతిర్మయి. రాజ్‌కిశోర్ నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్తుంది. ఆ అమ్మాయి సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడి, "వేలంపాటకి ఒక వెబ్‌సైటు పెడదాం. ఎవరు పాడుతున్నారో పేరు కనబడదు. అంకె మాత్రమే కనబడుతుంది" అంది.



పేరు కనబడదా! అందరి కళ్లూ నాగభూషణం గారి వైపు తిరిగాయి. ఆయన ముఖం ఎర్రబడుతుందని ఎదురుచూసినవాళ్లకి నిరాశే మిగిలింది. ఆయన చిరునవ్వు నవ్వారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

"అచ్ఛా! చాలా బావుంది. మరి ఏ భాషలో రాస్తావమ్మా?"

"పీహెచ్‌పీలో సార్."

"అదేటి? నీ అంతట నువ్వే డిసైడ్ చేసీసినావా? సబ్ కమిటీ వెయ్యాల కదా!"

అంతే. వేసేశారు.

ఇక చూడండి వరాల వర్షం! అంతకుముందు మా మీటింగులకి సమోసాలు మిగిలిపోయేవి. ఇప్పుడు సమోసాలు చాలక కచోరీలు కూడా తెప్పిస్తున్నాం. బ్యాంకు ఆఫీసరు రవిచంద్ర గారు జావా తప్ప మరొకటి ముట్టనన్నారు. బొగ్గు కంపెనీ ఇంజినీరు వేణుగోపాల్ గారు డాట్ నెట్ కానిది ప్రోగ్రామే కాదన్నారు. అంతకుముందు ఈ ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. ఇప్పుడు ఒకరిని తిట్టకుండా ఇంకొకరికి ఆదివారం గడవదు. స్నేహం అంటే ఇంకేమిటి?

"కోట్ల రూపాయల లావాదేవీలు జావా మీద నడుస్తాయండీ!" అనేవారు రవిచంద్ర గారు.

"మనం అమ్మేది పాత కూలరండీ!" అనేవారు వేణుగోపాల్ గారు.

"రేపు కోట్లు రావని గ్యారంటీ ఏమిటండీ?"

ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉందా?

మా ఊళ్లో పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు గోత్రం తర్వాత అబ్బాయి జావా వైపా, డాట్ నెట్ వైపా అని అడగడం మొదలుపెట్టారు. ఉస్లాపూర్‌లో కుదిరిన ఒక సంబంధం, కుర్రాడు పెర్ల్ అనే పాత భాష మనిషని తెలిసి తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయిందంటారు. నేను చూడలేదు. కానీ నమ్ముతున్నాను.

అన్నిటికంటే గొప్పది నాగభూషణం గారి పద్ధతి. ఏ భాష మంచిదో తేల్చడానికి ఆయన కంప్యూటర్ తెరవలేదు. సీనియారిటీ చూడమన్నారు.

"ఏది ముందు సర్వీసులో చేరింది? డేటు చెప్పండి!"

జ్యోతిర్మయి ఓపికగా చెప్పింది. పెర్ల్ అన్నిటికంటే పాతది. జావా, పీహెచ్‌పీ రెండూ తొంభై ఐదులోనే వచ్చాయి. డాట్ నెట్ రెండువేల రెండులో.

"అయితే డాట్ నెట్ ప్రొబేషన్. పెర్ల్ రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డాది, ఈ వయసులో దానికి నైట్ డ్యూటీ ఏటి వేస్తాం? మిగిలినవి రెండూ ఒకే బ్యాచ్. ఒకే బ్యాచ్ అయితే మెరిట్ ఆర్డర్ కావాల. మెరిట్ ఆర్డర్ ఎవరి దగ్గరుంది?"

ఎవరి దగ్గరా లేదు! వాయిదా!

తర్వాతి మీటింగులో ఎవరో రూబీ ఆన్ రైల్స్ అని ఒకటి ఉందన్నారు. రైల్వే కుటుంబాల వాళ్లు అభిమానంతో లేచి నిలబడ్డారు. నాగభూషణం గారు మాత్రం చెయ్యెత్తి ఆపారు. "రైల్స్ అని పేరుందంటే డిపార్ట్‌మెంట్ సొత్తు. ప్రైవేటు పనికి వాడితే రేపు విజిలెన్స్ వాళ్లు వస్తే ఎవరు జవాబు చెప్తారు?" నిలబడినవాళ్లందరూ కూర్చున్నారు. మళ్లీ వాయిదా!

ఇలా మూడేళ్లు ఆనందంగా గడిచాయి. ఈ మూడేళ్లలో నాలుగు కుటుంబాలు ట్రాన్స్‌ఫరై వెళ్లిపోయాయి. వాళ్ల సామాన్లు పాత సంప్రదాయం ప్రకారమే అమ్ముడుపోయాయి. నాగభూషణం గారి ముందుగదిలోకి రెండు సోఫాలు, వెనకగదిలోకి ఒక అద్దాల బీరువా వచ్చాయి. భాష తేలనప్పుడు పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు?

సరిగ్గా అప్పుడు కథలోకి ఒక మంచం ప్రవేశించింది.

గూడ్స్ డ్రైవర్ ఎర్రయ్య పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య అప్పయమ్మ మే నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఎర్రయ్య ఎప్పుడో బొబ్బిలి వడ్రంగిని ఇంట్లో నెల్లాళ్లు ఉంచుకుని చేయించిన టేకు మంచం ఉంది. అది మంచం కాదు, ప్లాట్‌ఫారం! లింగియాడీహ్‌లో అప్పయమ్మ చూసుకున్న రెండు గదుల్లో ఏ గదిలోనూ అది పట్టదు.

"మంచం అమ్మి పెద్ద గ్రైండరు కొంటాను బాబూ" అంది నాతో. "ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుంటాను. కూతురింట్లో కూకుని తినీడం నా వల్ల కాదు. అల్లుడు మంచోడే. కంచం దగ్గర మాత్రం మంచోడితో కూడా కష్టమే."

చూశారా ప్రమాదం? మంచానికి సరైన పాట వస్తే అప్పయమ్మకి గ్రైండరు. రాకపోతే అల్లుడిగారి కంచం. మధ్యలో మూడోది లేదు.

నాగభూషణం గారు అప్పటికే టేపు తీసుకొచ్చి మంచం కొలిచి వెళ్లారు. టేపు పడిందంటే పాట అయిపోయినట్టే. రైల్వే షెడ్‌లో ఫిట్టర్ పైడిరాజుకి కొత్తగా పెళ్లైంది. చాప మీద కాపురం. వాడు అప్పయమ్మ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేనూ పాడుదునే పెద్దమ్మా. సారు కొలత తీసీసినాక ఏటి పాడతాను? జూన్‌లో మా చెల్లి పెళ్లి. లీవు కావాల."

"నీ లీవుకీ నా మంచానికీ ఏటిరా సంబంధం?"

"అదే కదా పెద్దమ్మా నాకూ తెలీనిది!"

అప్పయమ్మ సరాసరి మీటింగుకే వచ్చింది. కంప్యూటర్ పాట ఎప్పుడని అడిగింది.

"భాష తేలనీ అమ్మా" అన్నారు నాగభూషణం గారు ఎంతో మర్యాదగా. "సీనియారిటీ విషయం. తొందరపడకూడదు."

"మీ సీనియారిటీ తేలేలోగా నా క్వార్టర్ పోద్ది బాబూ!"

ఆ రోజు మీటింగు అయ్యాక జ్యోతిర్మయి తలుపు దగ్గర అప్పయమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. వారం తిరిగేసరికి కుట్ర బయటపడింది!

వెబ్‌సైటు వచ్చేసింది. పీహెచ్‌పీలో! సబ్ కమిటీ లేదు, మెరిట్ ఆర్డర్ లేదు, వాయిదా లేదు. మూడేళ్లు మేధావులు తేల్చలేని పనిని ఒక వారంలో చేసెయ్యడం కంటే మేధావులకి పెద్ద అవమానం ఏముంటుంది? నాకైతే రక్తం మరిగిపోయింది.

రూలు సులువు. పాడేవాళ్లకి కంప్యూటర్ ఒక్కో స్టేషన్ పేరు ఇస్తుంది. ఆ పేరు వెనక ఎవరున్నారో పాట నడుస్తున్నంతకాలం జ్యోతిర్మయికి కూడా కనబడదు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఇంట్లోంచి, లేకపోతే బుధవారీ బజార్ సైబర్ కేఫ్ నుంచి పాడుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నానికి పాట బంద్. మొదటి సామాను, అప్పయమ్మ మంచం.

నాగభూషణం గారు కోప్పడ్డారా? లేదు! సరదాగా తీసుకుని ఆయనా చేరారు. ఆయనకి ఉస్లాపూర్ అని పేరు వచ్చింది. రహస్యంగా ఉంచాల్సిన ఆ పేరుని ఆయన సోమవారం పొద్దున్నే ఆఫీసులో ప్రతి బల్ల దగ్గరా ఆగి చెప్పారు.

"ఉస్లాపూర్ అంటే నేనే. గుర్తెట్టుకోండి. తర్వాత తెలీదు అనొద్దు."

ఉస్లాపూర్ మొదటి పాట పాడింది. ఆ అంకెకి గ్రైండరు మూత వస్తుంది. సంప్రదాయం ప్రకారం కథ అక్కడ ముగియాలి.

ముగియలేదు. ఆ సాయంత్రమే పలాస అనే పేరు మీద ఎవరో పాట పెంచారు. గ్రైండరు డ్రమ్ము వచ్చేంత!

నాగభూషణం గారు తెర వంక చూసి నమ్మలేదు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ చూశారు. పలాస అక్కడే ఉంది. ఆయన పెంచారు. పలాస పెంచింది. మధ్యలో కట్నీ అనే పేరు ఒక్కసారి తలెత్తి, ఒక్క పాట పాడి మాయమైపోయింది. ఆ కట్నీ ఎవరో నాకు తెలుసు. చెప్పను. అప్పటికి అతని చెల్లెలి పెళ్లికి లీవు ఇంకా శాంక్షన్ కాలేదు.

గురువారానికి గ్రైండరు రాయి కూడా వచ్చేసింది. ఆఫీసులో పని ఆగిపోయింది. పలాస ఎవరు?

రవిచంద్ర గారిని అడిగితే, "పీహెచ్‌పీ సైట్‌లోకి నేను అడుగు పెట్టనండీ. సిద్ధాంతం!" అన్నారు. వేణుగోపాల్ గారిని అడిగితే కంపెనీ ఇచ్చిన మంచమే తనకి వెడల్పు ఎక్కువన్నారు. షెడ్ నుంచి పైడిరాజుని పిలిపించారు.

"పలాస నువ్వేనా?"

"నేను కాద్సార్! మాది సోంపేట సార్! మా అత్తోరిది కూడా పలాస కాద్సార్!"

చివరికి జ్యోతిర్మయికి కబురు వెళ్లింది.

"పలాస ఎవరమ్మా?"

"నాకు తెలీదు సార్. సర్వర్‌కే తెలుసు."

"అయితే ఆణ్ణి పిలిపించు. ఏ షిఫ్టు?"

మూడేళ్ల పాటు సర్వర్‌కి భాష ఎంచిన కమిటీకి ఆయనే చైర్మన్! ఇటువంటి నిష్పాక్షికత మీకు ఎక్కడ దొరుకుతుంది? సర్వర్ ఎవరో తెలిసుంటే పక్షపాతం చూపించేవారు కాదూ?

ఆదివారం పొద్దున్న నేను అధ్యక్షుల వారింట్లోనే ఉన్నాను. ఆయన కంప్యూటర్ ముందు బనియనుతో కూర్చున్నారు. అప్పటికి గ్రైండరు మోటారు కూడా వచ్చేసింది. ఇక మంచం కోసం కాదు, పరువు కోసం పోరాటం. ఆయన శ్రీమతి జయలక్ష్మి గారు గుడికి వెళ్లొస్తానని చెప్పి బయటికి వెళ్లారు. ఆయన తల తిప్పలేదు. ఆఖరి పాట కొట్టి, నా వైపు తిరిగి, "ఇప్పుడు రమ్మను పలాసని!" అన్నారు.

వచ్చింది. గడియారం రెండు ముళ్లూ కలిసే ముందు. బెల్టు, ప్లగ్గు, వారంటీతో సహా మొత్తం గ్రైండరు! ఆయన వేళ్లు మళ్లీ కీబోర్డు మీదికి వెళ్లేసరికి తెర మీద పాట ముగిసింది అని పడింది.

సాయంత్రం ఒక ఠేలా బండి మీద ఆ ప్లాట్‌ఫారమంత మంచం మా వీధిలోకి వచ్చింది. అందరం గుమ్మాల్లోకి వచ్చాం. ఎవరి గుమ్మం ముందు ఆగుతుంది? అది నింపాదిగా వచ్చి నాగభూషణం గారి గేటు ముందు ఆగింది.

"గలత్ పతా!" అని అరిచారు ఆయన. "ఇక్కడ కాదు. ఇది పలాస వాళ్లది!"

జయలక్ష్మి గారు కొంగు దోపుకుంటూ బయటికి వచ్చారు. "అడ్రస్ సరిగ్గానే ఉంది. లోపలికి తెండి. జాగ్రత్త, మంచం కోళ్లు గీసుకుంటాయి."

ఆయన గేటుకి అడ్డంగా నిలబడి, "ఏటే ఇది? నా మీద నువ్వు పాడినావా?" అన్నారు.

"ఇంటినిండా మీకు భయపడి వదిలీసిన సామాన్లే. ఒక్కటైనా కొన్నది ఉండొద్దేటి?"

ఆ రాత్రి ఆయన ఆ మంచం మీద పడుకున్నారో, సోఫాలో పడుకున్నారో నాకు తెలీదు. పరాయివాళ్ల సంసారంలో తొంగిచూసే అలవాటు నాకు లేదు. సోఫా అని విన్నాను.

మర్నాడే అత్యవసర సమావేశం. సీనియారిటీ తేలని భాషలో సైటు నడిపినందుకు దాన్ని సస్పెండ్ చేశారు. విచారణ పూర్తయ్యేదాకా పీహెచ్‌పీ డ్యూటీలోకి రాకూడదు. రవిచంద్ర గారు జావా అన్నారు, వేణుగోపాల్ గారు డాట్ నెట్ అన్నారు, కచోరీలు వచ్చాయి. నా మనసు కుదుటపడింది. వరం తిరిగి వచ్చింది!

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జూలైలో ఒక టికెట్ కలెక్టరు కుటుంబానికి నాగ్‌పూర్ ట్రాన్స్‌ఫర్ అయింది.

పాత సంప్రదాయం. సంఘం హాలు. బల్ల మీద పెద్ద ఫ్రిజ్. నాగభూషణం గారు దాని తలుపు తీసి, వేసి, ఒక అంకె పలికారు. యాభై గొంతులు పట్టేశాయి. నేను కూడా పైకప్పు చూశాను. బల్లి ఉంది.

"దాని మీద ఇంకో వెయ్యి."

ఆ మాట వెనక తలుపు దగ్గర నుంచి వచ్చింది. అప్పయమ్మ! సంఘం టిఫినుకి పిండి ఆవిడ దగ్గరే తీసుకుంటున్నాం. గిన్నె దించి, చేతులు తుడుచుకుంటోంది.

"అప్పయమ్మా, నేను పాడీసినాను" అన్నారు నాగభూషణం గారు.

"విన్నాను బాబూ. నేనూ పాడినాను."

"నీకు ఇంత ఫ్రిజ్ ఎందుకు?"

"పిండి పులిసిపోతంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు పెంచారు. "సీనియర్ పాడినాక పాడకూడదని తెలీదా?"

"నాకు క్వార్టరూ లేదు, లీవూ లేదు. నాకేటి సీనియర్ బాబూ?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఇన్నేళ్లుగా మాకెవరికీ తట్టని సంగతి ఆవిడ పిండి చేతులతో చెప్పేసింది. ఇంతలో మూల నుంచి ఒక సన్నటి గొంతు లేచింది.

"ఇంకో అయిదొందలు."

పైడిరాజు! నాగభూషణం గారు అటు చూశారు. వాడు కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"చెల్లి పెళ్లి అయిపోనాది సార్" అన్నాడు, సంజాయిషీ ఇస్తున్నట్టు.

ఆ తర్వాత హాల్లో ఎవరికీ జలుబు లేదు. వెనక బెంచీ వాళ్లు పాడారు. ఆడవాళ్లు పాడారు. నా పక్కనున్నవాడు ఫ్రిజ్ అక్కర్లేకపోయినా గొంతు ఎలా ఉందో చూసుకోవడానికి ఒకసారి పాడాడు. చివరికి ఫ్రిజ్ అప్పయమ్మకే దక్కింది. టికెట్ కలెక్టరు భార్య ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు.

ఆ సాయంత్రం కమిటీ మళ్లీ కూర్చుంది. టీ వచ్చింది. కచోరీలకి ఎవరూ ఆగలేదు.

"హాల్లో పాట బంద్" అన్నారు నాగభూషణం గారు. "వెబ్‌సైటు కావాల. ఈ నెల్లోనే కావాల. క్వార్టర్ ఉన్నవాళ్లకే లాగిన్. పేరు పక్కన హోదా కనబడాల. సీనియర్ పాడినాక కింది హోదాలవాళ్లకి బటను పని చెయ్యకూడదు. ఒప్పుకున్నట్టేనా?"

రవిచంద్ర గారు ఒప్పుకున్నారు. వేణుగోపాల్ గారు ఒప్పుకున్నారు. ఒకరినొకరు తిట్టుకోకపోవడం మూడేళ్లలో అదే మొదటిసారి. తీర్మానం ఏకగ్రీవం.

నేను టీ కప్పు కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ నేను పొగుడుతూ వచ్చిన వరం ఏమైపోవాలి?

"సార్, మరి ఏ భాషలో?" అన్నాను.

నాగభూషణం గారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

"ఏదైతే ఏటయ్యా! ఏదో ఒకటి!"

టీ ఇంకా వేడిగానే ఉంది.